దూలం పక్కన వేలెడు సందు

యాకోబు మేస్త్రి తప్పు చేయలేదు. ఈ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. పోయిన నెల మార్కాపురంలో బస్సు దిగి పాతబజారు వైపు నడుస్తుంటే తడి సున్నం వాసన వచ్చింది. సున్నపురాయి మీద నీళ్లు పోస్తే లేచే ఆ ఆవిరి గొంతుకు పట్టుకుంటుంది. ఇప్పుడు అక్కడ అందరూ సిమెంటుతోనే కడుతున్నారు కనుక అది ఒక్క ఇంటి నుంచే రావాలి. శెట్టిగారి మిద్దెలో మిగిలిన సగాన్ని బాగుచేయిస్తున్నారన్నమాట. కూలిన సగం ఎందుకు కూలిందో నాకు తెలుసు.

పలకల వ్యాపారం చేసిన శెట్టిగారి తాత కట్టించిన ఇల్లది. టేకు దూలాల మీద పలకరాళ్లు పరిచి, పైన సున్నం వేశారు. ఎండాకాలం గడప దాటితే చొక్కా చల్లబడేది. చుట్టుపక్కల ఇళ్లన్నీ పడగొట్టి అంతస్తులు లేపుతుంటే శెట్టిగారు మాత్రం మరమ్మతుకు పూనుకుని, పని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నేను పాలిటెక్నిక్ ముగించి మూడేళ్లయింది. సున్నం పనికి పెద్దారవీడు దగ్గరి పల్లె నుంచి యాకోబు మేస్త్రి వచ్చేవాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, మాట్లాడేటప్పుడు కూడా గోడ మీద చెయ్యి తియ్యని మనిషి.

మొదటి రోజు నేను టేపు తీసి కొలుస్తుంటే నవ్వాడు.

“ఇంజినీరయ్యా, కొలతలు యాడికీ పోవులే. ముందు గోడ మీద అరచెయ్యి పెట్టు. ఏం తెలిసింది?”

“చల్లగా ఉంది.”

“చల్లగుండాదా, తడిగుండాదా? అవి రెండూ వేరు. కాలేజీలో చెప్పలేదా?”

నాకు కోపం వచ్చింది. అయినా మర్నాటి నుంచి ఎవరూ చూడకుండా గోడలు తడమడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి చెమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చేతికి తెలిసేది. ఈ పాతికేళ్లుగా నేను బతుకుతున్న విద్యలో సగం ఆ నెలలో వచ్చిందే.

ఆ ఇంట్లో గోడలోకి దూరిన ప్రతి దూలం తల పక్కన, బయటివైపు, వేలు పట్టేంత రంధ్రం ఉండేది. సున్నం పూసినప్పుడల్లా యాకోబు పుల్లతో వాటిని మళ్లీ తెరిచేవాడు. కొత్తగా పూసిన గోడకు అవి మచ్చల్లా ఉన్నాయనిపించింది నాకు.

“కందిరీగలు గూడు పెడతాయి. మూసెయ్యి మేస్త్రీ.”

“పెట్టనీలే. గాలి తగలకపోతే దూలం తల లోపల్లోపలే కుళ్లుతాది.”

“సిమెంటు పూస్తే నీళ్లే దిగవు కదా.”

“బయటి నీళ్లు దిగవు సరే. లోపలి చెమ్మ యాడికి పోవాల, నీ జేబులోకా?”

కూలీలు నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

ఆదివారం ఆయన పనికి రాడు. తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోతాడు. ఆ ఆదివారం నలుగురు సిమెంటు పనివాళ్లను పిలిపించి హాలు వైపు రంధ్రాలన్నీ పూడ్పించి, గోడకు సిమెంటు పూయించాను. సోమవారం వచ్చి గోడ చూసి నిలబడిపోయాడు.

“ఎవురు చేయించినారు?”

“శెట్టిగారే చెప్పినారు,” అన్నాను. శెట్టిగారికి ఆ సంగతే తెలియదు.

“ఇల్లు ఆయనది. కాదనేదానికి నేనెవుర్ని,” అని తాపీ అందుకున్నాడు. యజమాని మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అది తెలిసే ఆ పేరు వాడుకున్నాను.

మూడు వానాకాలాలు గడిచాక ఒక మధ్యాహ్నం హాలు కప్పు కూలింది. అదృష్టవశాత్తు లోపల ఎవరూ లేరు. దూలం తల పట్టుకుంటే పొడిగా రాలింది. శెట్టిగారు మా ఇద్దరినీ పిలిపించారు.

“మా తాత కాలంనాటి బొక్కలు పూడ్చినావే మేస్త్రీ. నీ చేతికి ఇల్లు అప్పజెప్తే ఇట్లనా చేసేది?”

నేను అబద్ధమాడానని యాకోబుకు అప్పుడు అర్థమైంది. నావైపు చూశాడు. కోపంగా కాదు, నేను చెబుతానని ఎదురుచూస్తూ. నేను తల దించుకున్నాను. ఇంజినీరు మాట ముందు తన మాట నిలవదని ఆయన అనుకుని ఉండాలి. “నా కర్మ సామీ,” అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పాతబజారులో ఆయన్ని సున్నం పనికి పిలిచినవాళ్లు లేరు. కంభంలో ఎవరి ఇంటికో ఇసుక మోస్తున్నాడని విన్నాను. అప్పటికి నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాను. ఏ పాత ఇంటికి పోయినా ముందు గోడ మీద అరచెయ్యి పెడతాను, దూలం పక్కన సందు ఉందా అని వెతుకుతాను. ఎవరు నేర్పారని అడిగితే మాట మార్చేవాణ్ని.

పోయిన నెల ఆ వాసన పట్టుకుని లోపలికి వెళ్లాను. చేతికర్ర మీద ఆనుకుని శెట్టిగారు కొత్త మేస్త్రికి చెబుతున్నారు: “ఆ బొక్కల జోలికి పోవద్దు నాయనా. యాకోబు అని ఒకడు మూసి మా హాలు కూల్చినాడు.”

“మూసింది ఆయన కాదు, నేను,” అన్నాను. జరిగిందంతా చెప్పాను. శెట్టిగారు కర్ర పోటేసుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

“ఇన్నేళ్లు ఆ మనిషిని తిట్టుకుంటా ఉన్నా. చెప్పాల్సింది నాకు కాదబ్బా. ఆటోను పిలువు. నేనూ వస్తా.”

పెద్దారవీడు దగ్గరి ఆ పల్లెలో యాకోబు తన ఇంటిముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు సరిగా లేదు. శెట్టిగారి గొంతు విని లేవబోయాడు. ఇరుగుపొరుగు గుమిగూడారు. వాళ్లందరికీ వినపడాలని గట్టిగానే చెప్పాను.

“మేస్త్రీ, మీరు చర్చిలో ఉన్నప్పుడు ఆ బొక్కలు పూడ్పించింది నేను. శెట్టిగారు చెప్పలేదు, నేను అబద్ధమాడినాను. హాలు కూలినాక శెట్టిగారు మిమ్మల్ని నిలదీసిన పొద్దు మీరు నావైపు చూసినారు, నేను నోరు తెరవలేదు. మీ చేతి పని పోగొట్టింది నేనే. నన్ను క్షమించండి.”