ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకున్న రోజు

నా ఉద్యోగాన్ని నా నోటితోనే నేను ఊడగొట్టుకున్న వైనం చెబుతాను. ఇందులో శత్రువుల చేయి ఏమాత్రం లేదు; అంతా స్వయంకృషే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బెంగుళూరు కాటన్‌పేటలో ఒక పట్టుమగ్గాల ఫ్యాక్టరీలో హాజరు వేసే గుమాస్తాను నేను. మెట్రిక్ పాసయ్యాను కాబట్టి నేను కార్మికుణ్ణి కానని నా గట్టి నమ్మకం. పనివాళ్ళు ఉదయం ఆరుకు వచ్చి రాత్రి ఎనిమిదికి వెళ్ళేవాళ్ళు. ఇంతలో, రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదని చట్టం వచ్చింది. దాని వెనకాలే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్న కబురూ వచ్చింది.

షావుకారు నన్ను పిలిచాడు. "ఏమప్పా, నువ్వు చదువుకున్నోడివి. ఎనిమిదికి వస్తాము, ఐదుకి పోతాము అని అందురికీ నేర్పించు."

చట్టాన్ని అమలు చేయడం కంటే వల్లె వేయించడం సులువని ఆయన కనిపెట్టాడు. నేను బడి పెట్టాను. బెత్తం ఒక్కటే తక్కువ. కండెలకు దారం చుట్టే మునెమ్మ మాత్రం మొండికేసింది.

"ఆరుకే వస్తా ఉండాము కదప్పా. నా బిడ్డ మేలుకోనుండంగా చూసి పది దినాలాయ."

"బిడ్డ సంగతి ఇన్‌స్పెక్టరు అడగడు. నేర్పిందే చెప్పు."

ఇన్‌స్పెక్టరు వచ్చి ఇరవైమందిని అడిగాడు. మునెమ్మతో సహా ఇరవైమందీ అక్షరం తేడా లేకుండా ఎనిమిదీ ఐదూ అన్నారు. గర్వంతో నా చొక్కా బొత్తాలు తెగేటట్టున్నాయి.

ఆయన చిరునవ్వుతో నా వైపు తిరిగాడు. "భలే క్రమశిక్షణ. దీని వెనక మీరు చాలా కష్టపడుతున్నట్టున్నారే."

జీవితంలో నన్ను మెచ్చుకున్న మొదటి ప్రభుత్వాధికారి ఆయన. ఇక ఆగలేకపోయాను.

"మరేమనుకున్నారు సార్. తెల్లారి ఆరుకల్లా గేటు దగ్గర నేనుండాల్సిందే. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఎవరినీ లోపలికి రానివ్వను. రాత్రి ఎనిమిదికి ఆఖరి మనిషి పోయేదాకా కదలను."

ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. షావుకారు గోడ మీది దేవుడి పటం కేసి చూశాడు.

ఆ వారంలోనే పనివేళలు నిజంగా ఎనిమిది నుంచి ఐదుకు మారాయి. నా విషయంలో షావుకారు చట్టం కన్నా ఉదారంగా ప్రవర్తించాడు. "నీకు ఆ తొమ్మిది గంటలు కూడా వద్దప్పా. ఇంట్లోనే ఉండు," అన్నాడు.

గేటు బయట పనివాళ్ళు నాకు చామంతి దండ వేశారు. వాళ్ళ కోసం కావాలనే షావుకారును పట్టిచ్చి, ఉద్యోగం త్యాగం చేశానని వాళ్ళ అభిప్రాయం. కాదని చెప్పేంత నిజాయితీ నాలో ఎన్నడూ లేదు.

మునెమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది: "నోరు జారినావని నాకు తెలుసులేప్పా. ఎవురికీ చెప్పను. తల వంచు, దండ ముడి ఊడిపోతా ఉండాది."

తల వంచి, ఆ చామంతుల సాక్షిగా అక్కడికక్కడే ప్రమాణం చేశాను: ఇకమీదట బతికున్నంత కాలం, పొరపాటున కూడా ఎవరికీ మేలు చేయను.