క్లచ్ మీది కాలు

మా కారు మాట ఎవరైనా ఎత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అరవైల చివరి సంవత్సరాలవి. రాజాం నుంచి చీపురుపల్లి స్టేషనుకీ, బేరం కుదిరితే విజయనగరానికీ దాన్ని కిరాయికి తిప్పేవాళ్ళం. మా అయ్య కొనేసరికే ఇద్దరు యజమానులు దాన్ని పిండి పిప్పి చేసి వదిలేశారు. మా చేతికొచ్చాక మైళ్ళ మీటరు తొంభైతొమ్మిది వేలూ దాటి మళ్ళీ సున్నాకొచ్చింది. ఆ రోజు మా అయ్య కొబ్బరికాయ కొట్టాడు. మీటరు మళ్ళీ మొదటికొచ్చింది గనక కారు కొత్తదైపోయినట్టేనని ఆయన వాదన. ఇటువంటి మనిషితో అరిగిపోయిన క్లచ్ గురించి ఎలా మాట్లాడాలో మీరే చెప్పండి.

క్లచ్ జారడం వానలు వెనకబట్టాక మొదలైంది. ఇంజను గొంతు చించుకుంటుంది, కారు మాత్రం ముందుకి పోదు. మిట్ట ఎక్కితే చాలు, మాడిన వాసన. వెనక ఆరుగురు, ముందు నలుగురు, పైన బియ్యం మూటలు వేసుకుని తిరిగే బండి అది. క్లచ్ ప్లేటు మార్చేద్దామని మొదటి రోజే చెప్పాను. విజయనగరం షెడ్డులో గేరుబాక్సు దింపాలి, రెండు రోజులు కారు వదిలిరావాలి, అంతే పని. మా అయ్య కోతలు కానీ అన్నాడు. కోతలయ్యాక నూర్పులు కానీ అన్నాడు. నూర్పులయ్యాక, మంగళవారం ఇనుము విప్పకూడదన్నాడు. ఆ తర్వాత అమావాస్య అడ్డొచ్చింది. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించేది.

చివరికి షెడ్డు మేస్త్రి నేర్పిన పరీక్ష ఆయన కళ్ళముందే చేసి చూపించాను. హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరులో పెట్టి, క్లచ్ వదిలేస్తే ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఆగకపోతే ప్లేటు అయిపోయినట్టే. మాది ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది.

"సూసావా అయ్యా?" అన్నాను.

"సూసాను. ఇంజను ఆగనేదు గదరా, మంచిదే గదా," అన్నాడు.

ఆ పూట నేను అన్నం తినలేదు. అంత కోపం.

ఆయన ధీమా ఎక్కడిదో నాకు తెలుసు. కారు కొనకముందు ముప్పై ఏళ్ళు ఆయన ఇదే రోడ్డు మీద ఎడ్లబండి తోలాడు. ధాన్యం, గోగునార మిల్లులకి చేరవేసేవాడు. బండి మీద కూర్చుంటే ఎడమకాలి వేళ్ళు ఎప్పుడూ ఎడమవైపు ఎద్దు తొడకి ఆనించి ఉంచేవాడు. పొడవడానికి కాదు, ఊరికే ఆనించి ఉంచడానికి. ఎద్దు అలిసిందా, బెదిరిందా, దాహంతో ఉందా, అన్నీ ఆ వేళ్ళకే ముందు తెలిసేవట. కారు కొన్నాక ఆ కాలినే తెచ్చి క్లచ్ పెడలు మీద పెట్టాడు. మార్చాల్సిన టైము వస్తే బండే తనకి చెప్తుందని నాతో వందసార్లు అనుంటాడు.

చెప్పింది. మాఘమాసంలో, పెళ్ళి బేరంలో చెప్పింది. చీపురుపల్లి అవతల ఊరికి పెళ్ళికొడుకుని తీసుకెళ్తున్నాం. పెళ్ళి బేరాలంటే మా అయ్యకి సరదా, ఆరోజు స్టీరింగు తనే పట్టుకున్నాడు. ఊరికి మైలు దూరంలో ఉన్న మిట్ట సగం ఎక్కి కారు చతికిలబడింది. అందరూ దిగి తోశారు. పెళ్ళికొడుకు కూడా బుగ్గన దిష్టిచుక్కతో, పట్టుపంచె ఎగ్గట్టి తోశాడు. కదల్లేదు. ఎండలో నడుచుకుంటూ పోయి ముహూర్తం వేళకి ఎలాగో పందిట్లో పడ్డారు. ఎడ్లబండి కట్టించుకున్నా ముందే చేరేవాళ్ళమని, నడక మొదలెట్టేముందు పెళ్ళికొడుకు తండ్రి అందరి ముందూ మా అయ్యని అనేశాడు. మా అయ్య తల వంచుకుని బానెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు ఎవర్నీ అడక్కుండా కారుని లారీకి కట్టించి విజయనగరం తీసుకెళ్ళాను. మేస్త్రి గేరుబాక్సు దింపి చూశాడు. ప్లేటు రివిట్ల దాకా అరిగిపోయింది. క్లచ్ బేరింగు కూడా పోయింది.

"పెడలు మీంచి కాలు తియ్యనోడు ఎవుడో ఉన్నాడు బాబూ," అన్నాడు మేస్త్రి. "తొక్కక్కర్నేదు, ఊరికే ఆనించి ఉంచినా సాలు, ప్లేటుని తినేస్తాది."

నా కళ్ళముందు ఒక్క కాలే కనబడింది.

కొత్త ప్లేటు వేయించుకుని రాజాం తిరిగొచ్చాను. మా అయ్య కార్ల స్టాండు దగ్గర టీ బడ్డీలో నలుగురితో కూర్చుని ఉన్నాడు. ఇంటిదాకా ఆగొచ్చు. ఆగలేదు.

"ఇంక నువ్వు కారు తోలొద్దు. నీ కాలే దాన్ని తినేసినాది," అన్నాను.

ఆయన దగ్గరున్న రెండో తాళంచెవి మొలతాడుకి కట్టి ఉండేది. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు, చెయ్యి చాపి నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన పొద్దున్నే కారు కడిగేవాడు, అద్దాలు తుడిచేవాడు, నేను బయల్దేరాక అరుగు మీద కూర్చునేవాడు. సాయంత్రం రాగానే కారు ఎలా ఉందని అడిగేవాడు. నీ కాలు లేదు గదా, బాగానే ఉందనేవాణ్ణి. అలాంటి మాటలు ఒకటా, రెండా!

ఎనిమిది నెలలు తిరగలేదు, క్లచ్ మళ్ళీ జారింది. ఒళ్ళు తెలియని కోపంతో షెడ్డుకి పోయి, దొంగ ప్లేటు వేశావని మేస్త్రి మీద అరిచాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని కారు తియ్యమన్నాడు. విజయనగరం కోట చుట్టూ తిప్పాను. ఆయన రోడ్డు చూడలేదు, ఇంజను వినలేదు. తల వంచి కిందికే చూస్తూ కూర్చున్నాడు.

"బాబూ, ఓపాలి నీ కాలు సూసుకో," అన్నాడు.

చూసుకున్నాను. నా ఎడమకాలి వేళ్ళు పెడలు మీద ఉన్నాయి. తొక్కడం లేదు, ఊరికే ఆనించి ఉన్నాయి. నాకు కారు నేర్పింది మా అయ్యే. పక్కన కూర్చుని ఆయన ఎలా తోలితే అలా నేర్చుకున్నాను. ఆయన తోలింది నెలకో పెళ్ళి బేరం. మిగతా రోజులన్నీ తోలింది నేను. ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఛీ, ఏం బుర్ర!

మళ్ళీ కొత్త ప్లేటు వేయించుకుని ఇంటికొచ్చేసరికి మా అయ్య అరుగు మీదే ఉన్నాడు. ఎదురుగా నిలబడి, తప్పు నాదే, నా కాలే, ఇక నువ్వు తోలు అని తాళంచెవి చాపాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు గానీ అందుకోలేదు.

"వద్దురా," అన్నాడు. "ఇన్నాల్లు కూకుండిపోనాను. ఇపుడు నాకు బయమేస్తన్నాది."

మా అయ్య నోట భయమన్న మాట అప్పటిదాకా నేను వినలేదు.

మర్నాటి నుంచి ఆయన్ని బలవంతంగా నా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. నా కాలు పెడలు మీదికి పోయినప్పుడల్లా మోకాలు మీద కొట్టమన్నాను. రాజాం నుంచి చీపురుపల్లి చేరేలోపు ఇరవైసార్లు కొట్టేవాడు. నాకు పట్టరాని చిరాకొచ్చేది, అయినా నోరు మూసుకునేవాణ్ణి. ఆ ప్లేటు చాలా ఏళ్ళు మన్నింది. స్టీరింగు మాత్రం, ఎన్నిసార్లు బతిమాలినా, ఆయన మళ్ళీ ముట్టుకోలేదు.