రెడ్డెప్ప అడిగిన మగ కుక్కపిల్ల

పుంగనూరులో ఇంట్లోనే రవికలు కుట్టే మునీశ్వరిని కరుణామూర్తి అని పొగడనక్కర్లేదు. కుక్కపిల్లలు గుడ్డలు తడిపితే ఆమె తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి. 1998 వేసవిలో ఒక వీధికుక్క లారీ కింద పడి చచ్చిపోతే, దాని అయిదు పిల్లల్నీ తెచ్చి మిషను కింద గుడ్డముక్కల కుప్పలో పడుకోబెట్టింది. ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి నెలన్నర సాకింది.

అప్పుడు టమోటా తోట రైతు రెడ్డెప్ప కాపలా కుక్క కోసం వచ్చాడు. ఒక్కొక్కదాన్నీ ఎత్తి తిప్పి చూశాడు. మగది ఒక్కటే.

"ఇది సాలమ్మా. ఆడవాట్ని సంచిలో ఏసి పలమనేరు రోడ్డులో ఇడిసిపెట్టు. అందరూ సేసేది అదే కదా."

"మగది కావాలంటే ఒక ఆడదాన్ని గూడా తీసుకుపోప్పా. లేకుంటే ఏదీ లేదు."

"ఏటేటా ఈనతాది. ఎవరు సాకేది?"

"నీ ఆవు పెయ్యదూడను ఏస్తే ఊరంతా సెప్పుకుంటావే! కుక్కకయితే సంచా?"

రెడ్డెప్ప విసురుగా వెళ్లిపోయాడు. ఆమెకు పిచ్చి పట్టిందని వీధిలో చెప్పుకున్నారు. వారం పాటు పిల్లల కోసం ఎవరూ రాలేదు, ఆమె మాట మార్చుకోలేదు.

ఈలోగా తోటలో అడవిపందులు పడ్డాయి. ఎనిమిదో రోజు రెడ్డెప్ప ఖాళీ టమోటా బుట్ట పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇయ్యి తల్లీ, రెండూ ఇయ్యి."

మునీశ్వరి ముందు ఆడదాన్నే బుట్టలో పెట్టింది. మిగిలిన మూడూ మిషను కిందే పెరిగాయి.