కదలనట్టు తిరిగిన ఇరుసు

దీవిలో దిగేసరికి ఉదయం ఆరు. జల్లు పడుతోంది. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో పనిముట్ల పెట్టె. 1960ల తొలి ఏళ్లు. నేను సైన్యం వర్క్‌షాపులో ఫిట్టర్ని. ధర్మవరం నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. సముద్రం చూడటం అదే మొదలు, ఓడలో కక్కుకోవడం కూడా.

జెట్టీలో బియ్యం ఓడ ఆగిపోయి ఉంది. సరుకును ఓడలోకి ఎత్తే వించికి ఇరుసు అరిగింది. ఆ బియ్యం వెళ్లాల్సిన అవతలి దీవిలో మా జవాన్లు నలభై మంది. వాళ్ల దగ్గర ఆరు రోజుల తిండే ఉంది.

"మూడు రోజులు. కాకపోతే విప్పి మద్రాసు పంపుతాం," అన్నాడు ఓడ కెప్టెన్ హిందీలో. మద్రాసు అంటే పదిహేను రోజులు.

మా హవల్దార్‌ది హిందూపురం. ఇరుసును ఉన్నచోటే ఉంచి, దాని చుట్టూ తిరిగే కత్తి చట్రం బిగించి చెక్కుదామన్నాడు. బిగించే పని నాది. మొదటిరోజు సాయంత్రానికి చెక్కాను. ఇంట్లో మగ్గం రోలరును చూసినట్టే దారం చుట్టి చూశాను. అన్నిచోట్లా ఒకే కొలత.

"అయిపోయింది సాబ్!"

హవల్దార్ అడ్డకొలత చూసే కాలిపర్ పెట్టాడు. ఇరుసు కోడిగుడ్డులా ఉంది.

"ఏమబ్బా, దారం చుట్టుకొలత చెప్తాది. గుండ్రంగా ఉండాదో లేదో యాడ చెప్తాది? అరిగిన చోటే చట్రం బిగించినావు. అది వంకరనే పట్టుకొని తిరిగింది."

ఒకరోజు మట్టిలో కలిపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండోరోజు చట్రాన్ని ఇరుసు చివర, అరగని చోట బిగించాను. పైన టార్పాలిన్. నలుగురం వంతులవారీగా చేత్తో తిప్పాం. వైర్‌లెస్ చూసే నాయక్‌ది పెనుకొండ. గంటకోసారి వచ్చేవాడు.

"బియ్యం ఎప్పుడని ఆడ అడుగుతాండారు."

"వస్తాండాయని చెప్పప్పా!" అన్నాడు హవల్దార్.

సన్నబడిన ఇరుసుకు సరిపడా కొత్త బుష్షు, అంటే ఇరుసు తిరిగే తొడుగు, ఆయనే చిన్న లేతు మిషను మీద తయారుచేశాడు. మూడోరోజు సాయంత్రం నాలుగింటికి మోటారు వేశాం. ఇరవై మూటలు పైకి లేచాయి. కెప్టెన్ ఇరుసు వైపు వంగి చూశాడు.

"తిరుగుతోందా, లేదా?"

తిరుగుతోంది! అంత గుండ్రంగా కుదిరింది కాబట్టి కదలనట్టే ఉంది. నేను పిచ్చివాడిలా అరిచాను. హవల్దార్ నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

రెండురోజులకు నాయక్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆడ అన్నం ఉడుకుతాండాదంట!"

ఏడాది తర్వాత ధర్మవరం స్టేషన్‌లో దిగాను. నాయన పెట్టె అందుకుంటూ అడిగాడు.

"సముద్రం ఎట్లుండాది రా?"

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే సముద్రం కనిపించదు. వానలో పైకి లేస్తున్న బియ్యం మూటలు, వాటి వెనక కదలనట్టు తిరుగుతున్న ఆ మెరిసే ఇరుసు కనిపిస్తాయి.