రాజనీతి బి.ఏ.కు జామీను

1963 జూన్‌లో నన్ను జహీరాబాద్ తాలూకాకు గిర్దావరుగా బదిలీ చేశారు. గిర్దావరు అంటే పట్వారీకి పైన, నాయబ్ తహసీల్దారుకు కింద. పట్వారీలు రాసిన పహాణీలను, అంటే ఊరి పంట లెక్కలను, పొలాల మీదికి వెళ్లి సరిచూడటం, కచేరీ కోరిన విచారణలు చేసి నివేదిక పంపడం మా పని. నేను మెట్రిక్ పాసై గుమాస్తాగా చేరినవాణ్ణి. డిగ్రీ లేదన్న కారణంతో ప్రమోషన్ల జాబితాలో రెండుసార్లు వెనక్కి నెట్టారు. ఆ కడుపుమంట నాకు బాగా ఉండేది. తర్వాత జరిగినదానికి అదే మూలం కనుక ముందే చెప్పేస్తున్నాను.

పేద పిల్లల పైచదువులకు సర్కారు వడ్డీ లేని అప్పు ఇచ్చే పథకం అప్పుడే కొత్తగా వచ్చింది. చదువు ముగిసిన మూడేళ్లకల్లా కిస్తులు మొదలుపెట్టాలి. భూమి ఉన్నవాడొకడు జామీను ఉండాలి. కిస్తులు తప్పితే మొత్తం బాకీని భూమిశిస్తు బకాయిలాగే జామీనుదారు ఆస్తి నుంచి రాబడతారు. ఆ భూమి నిజంగా ఉందా, దాని మీద వేరే తాకట్టు ఉందా అని చూసి రాయడం వరకే నా అధికారం. మిగతాది నాకు సంబంధం లేని విషయం.

కోహీర్ దగ్గరి ఊరి నుంచి సువార్తమ్మ అనే అమ్మాయి దరఖాస్తు వచ్చింది. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. పిల్ల మిషన్ హాస్టల్లో ఉండి పి.యు.సి. పాసైంది. జామీను మేనమామ దేవదాసు. అతనికున్నది బావి కింద ఎకరన్నర, అందులో అల్లం వేస్తాడు. నేను వెళ్లి గట్లు చూశాను, పంచనామా రాశాను. పని అయిపోయింది. లేచి రావలసినవాణ్ణి.

దేవదాసు అడిగాడు. "పిల్లకు టీచరు ట్రైనింగుల సీటొచ్చింది సారూ. పట్నంల రాజనీతి బి.ఏ.కు గూడ వచ్చింది. ఏది మంచిగుంటది, జర మీరే చెప్పున్రి."

ఎవరైనా అడిగితే చాలు, ఉబ్బిపోయే రోజులవి. కాగితం తీసి మధ్యలో గీత కొట్టాను. ఎడమ పక్క ప్రైమరీ టీచరు జీతం రాశాను. కుడి పక్క రాయవలసింది బి.ఏ. పాసైనవాళ్లకు మామూలుగా దొరికే గుమాస్తా జీతం. నేను తహసీల్దారు స్కేలు రాశాను. అందులోంచి నెల కిస్తు తీసేసినా బోలెడు మిగిలింది. మిగలదా మరి! రాజనీతి చదివినవాళ్లే రాజ్యం నడిపేది, సర్కారు ఉద్యోగాల పరీక్ష రాస్తే ఈ పిల్ల మా కచేరీకే పెద్ద అధికారిగా వస్తుందని చెప్పాను. "నౌకరీ దొరకకుంటే ఎట్ల సారూ?" అని సువార్తమ్మ అడిగింది. నవ్వేశాను. దేవదాసు జామీను బాండు మీద దస్కత్ పెట్టాడు.

బాండు వెనక ఇంగ్లీషులో ఒక షరతు ఉంది. అప్పు తీసుకున్నవాళ్లు ఉపాధ్యాయులుగా చేరితే, పనిచేసిన ప్రతి ఏడాదికీ బాకీలో పదో వంతు మాఫీ. చూడలేదని అనను. చూశాను. అధికారి కాబోయే పిల్లకు దీనితో పనేముందని దాటేశాను.

ఆమె 1966లో సెకండ్ క్లాసులో పాసైంది. మరుసటి ఏడు న్యాల్‌కల్ వైపు హైస్కూల్లో, ట్రైనింగు లేకున్నా పరవాలేదని, టీచరు ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. దాన్ని పట్టుకుని సలహాకు మళ్లీ నా దగ్గరికే వచ్చింది. పంతులమ్మ కావడానికా ఇంత చదివావు, పరీక్ష మీద దృష్టి పెట్టు అన్నాను. చేరలేదు. గడువు దాటాక ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆమె ఆ ఏడు ఇంటర్వ్యూ దాకా వెళ్లి తప్పింది. ఆ పై ఏడు పిలుపే రాలేదు. 1969లో తెలంగాణ ఆందోళనతో ఆఫీసులు మూతపడ్డాయి, పరీక్షల ఊసెత్తినవాడు లేడు.

అదే ఏడు నన్ను అక్కడే నాయబ్ తహసీల్దారును చేశారు. డిగ్రీ లేకుండానే, కేవలం సీనియారిటీ మీద! చదువు అప్పుల కిస్తులు తప్పినవాళ్ల బకాయిల జాబితా నా బల్ల మీదికి వచ్చింది, అందులో సువార్తమ్మ పేరు ఉంది. దేవదాసు పొలం జప్తు నోటీసు మీద సంతకం నాదే.

మేనమామ, మేనకోడలు కచేరీకి వచ్చారు. బాండు చూపించమని సువార్తమ్మ అడిగింది. నిలబడే రెండు పక్కలా చదివింది.

"ఈ ముచ్చట అప్పుడెందుకు చెప్పలే సారూ? నేను ఆర్డరు పట్కొనొచ్చిన నాడన్న చెప్పకపోతిరి."

షరతులు చదువుకోవడం అప్పు తీసుకున్నవాళ్ల బాధ్యత అన్నాను. నిబంధన ప్రకారం సరైన జవాబే. అంత నీచమైన జవాబు నా సర్వీసు మొత్తంలో ఇంకొకటి ఇవ్వలేదు.

దేవదాసు గొంతు పెంచలేదు. "మీరు చెప్పిన్రని దస్కత్ పెట్టిన. ఇప్పుడు మీరే దండోర ఏయిస్తున్నరు" అన్నాడు. వేలందాకా పోతే పరువు పోతుందని జహీరాబాద్ అల్లం వ్యాపారికి వచ్చినంతకు పొలం అమ్మేశాడు. బాకీ ఒకేసారి కట్టి రసీదు తీసుకున్నాడు. మరుసటి పంటకు తన పొలంలోనే కూలికి అల్లం తవ్వాడు. సువార్తమ్మ జహీరాబాద్‌లో ఒక వకీలు దగ్గర రోజుకూలి మీద నకళ్లు రాసే పనికి కుదిరింది. దారిలో ఎదురైతే నమస్కారం పెట్టేది. తిట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది.

బకాయిలు పూర్తిగా వసూలైనందుకు ఆ ఏడు నా సర్వీసు రిజిస్టరులో మెచ్చుకోలు రాశారు.

తర్వాత ఇంకా చాలా ఏళ్లు నౌకరీ చేశాను. ఫలానా చదువు లాభమా నష్టమా అని అడిగినవాళ్లకు షరతులన్నీ చదివి వినిపించి ఊరుకునేవాణ్ణి. నేను నేర్చుకున్నది ఇంతే: చదవమని సలహా ఇచ్చేవాడు జామీను కాగితం మీద తానే సంతకం చేయాలి. 1963లో ఆ కాగితం మీద నా సంతకం ఉంది. కానీ అది విచారణ అధికారి గడిలో ఉంది.