మగ్గం ముట్టని మూడు దినాలు

మా ఇంట్లో నా మాటకు విలువ లేదు. తిరుత్తణి కొండ మెట్ల మీద ఒక కోతి నా చీర చుట్టుకుని, నాకంటే ముందు దర్శనం చేసుకుని వచ్చిందని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని. అందుకు నాకు విచారం లేదు. కానీ ఆ రోజు తిరువళ్లూరులో డాక్టరమ్మ ఎదుట నేను నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మా చెల్లెలి కూతురికి పంతొమ్మిదేళ్లు. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు, బుగ్గల నిండా మొటిమలు, నడినెత్తిన పలచబడిన జుట్టు. మా చెల్లెలు రెండేళ్లు పసుపు రుద్దించి, చివరికి డాక్టరు దగ్గరికి బయలుదేరదీసింది. తోడు నేను.

"నెలనెలా సరిగ్గా వస్తోందా?" అని డాక్టరమ్మ అడిగింది. పిల్లను కాదు, మా చెల్లెల్ని.

"వస్తాది మేడం. మాది మగ్గం ఇల్లు. బయట చేరితే మూడు దినాలు మగ్గం ముట్టకూడదు. నెల తప్పకుండా దూరంగానే కూర్చుంటాది. నేను చూస్తా వుండాను కదా."

"అదంతా నాటకం మేడం. దానికి వచ్చి ఐదు నెలలయింది," అన్నాను.

ఆ నాటకం నేర్పింది నేనే. వయసులో ఉండగా నెలకు రెండుసార్లు బయట చేరానని మగ్గం పని ఎగ్గొట్టి మా నాయనకు పంగనామం పెట్టిన కథ, నవ్వుకోవడానికి చెప్పాను. పిల్ల దాన్ని నెల రాని సంగతి దాచుకోవడానికి వాడుకుంది. నెల రాలేదంటే వీధి ఇంకేదో అనుకుంటుందని భయం. ఆ ముందు వారమే నాతో చెప్పుకుంది.

మా చెల్లెలు నవ్వేసింది. "మా అక్క మాట పట్టించుకోవద్దు మేడం. కోతికి చీర కట్టిన మనిషి."

డాక్టరమ్మ కూడా నవ్వింది. "బరువు తగ్గించండి. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి," అని మొటిమలకు పూత రాసిచ్చింది.

పెళ్లేమన్నా మాత్రా, పూటకొకటి మింగడానికి? ఆ పిల్ల ఒంటి గురించి ముగ్గురు పెద్దవాళ్లం మాట్లాడుతున్నాం. పిల్ల పక్కనే స్టూలు మీద ఉంది. ఒక్కరూ దాన్ని అడగలేదు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నానని తోచి మరీ ఒళ్లు మండింది.

"నన్ను నమ్మొద్దులే మేడం. దాన్ని అడగండి," అని కుర్చీలోంచి కదలకుండా కూర్చున్నాను. బయట టోకెన్లు పట్టుకున్నవాళ్లు తలుపు తోస్తున్నారు.

పిల్ల నేల చూస్తూ అంది: "ఐదు కాదు మేడం, ఏడు. పెద్దమ్మ దగ్గర కూడా తగ్గించి చెప్పినాను."

డాక్టరమ్మ నవ్వు ఆగింది. ఇంకో కాగితం తీసి హార్మోన్ల పరీక్షలు, స్కాను రాసింది.

తిరుగు రైల్లో మా చెల్లెలు కూతురి వైపు తిరిగింది. "ఇన్ని దినాలు వూరికే కూర్చున్నావా? మగ్గం మీంచి రెండు చీరలు దిగుండును కదే." నేను చెల్లెలి చేతిలోంచి ఆ పరీక్షల కాగితం లాక్కుని నా సంచిలో పెట్టుకున్నాను. పరీక్షలు నేనే చేయించాను.

మగవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోను దాని రక్తంలో హెచ్చుగా ఉందట. అండాశయాల్లో చిన్నచిన్న నీటిబుడగల్లాంటివి కనిపించాయట. మందులతో అదుపులో పెట్టుకోవచ్చన్నారు. మాత్రల అట్టను పిల్ల టీవీ పక్కనే పెట్టింది.

"ఎవరన్నా చూస్తారే, లోపల పెట్టు," అంది మా చెల్లెలు.

"చూడనీ," అని అది నేతకు కూర్చునే మగ్గం గుంటలోకి దిగింది.