గడప దాటనివ్వని రైలు

దయ్యాలను నేను నమ్మను. ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇది విన్నవాళ్లంతా నన్ను ప్రార్థన చేయించుకొమ్మంటున్నారు. చేవెళ్లలో నాకు బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. మోటారు తిరగకపోతే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నా నమ్మకం అంతే.

మా పెద్దబాపు, అంటే మా బాపుకి అన్న, పోయిన ఏడాది చనిపోయాడు. బతికున్నప్పుడు ఆయన నాకు నచ్చలేదు. చనిపోయాడని నచ్చాలని రూలేమీ లేదు. వయసులో ఉన్నప్పుడు పట్నంలో ఒక బంగళాలో కరెంటు పని చేసేవాడు. అక్కడి తెల్లదొర దేశం వదిలి వెళ్తూ ఆయనకొక కరెంటు బొమ్మరైలు ఇచ్చాడు. రేకు ఇంజను, కొన్ని పెట్టెలు, గుండ్రంగా అమర్చే పట్టాలు, మీట ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. ఏటా క్రిస్మస్‌కి మా సొంతూరు ముడిమ్యాలలోని ఇంట్లో నడిపేవాడు. అప్పటికి చిన్నపిల్లవాడైన మా బాపు మాత్రం గడప అవతల కూర్చునే చూడాలి. ఒకసారి చెయ్యి పెడితే వీపు చిట్లగొట్టాడట.

పెద్దబాపుకి పిల్లలు లేరు. ఆయన పోయాక పెద్దమ్మ ఆ రైలు తెచ్చి మాకిచ్చింది. బాపుకి పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది. ఆ మీట ఒక్కసారి తన చేత్తో తిప్పాలని ఆయన కోరిక.

"జర జల్ది చెయ్ బిడ్డా. ఈ చెయ్యి గూడ పడిపోకముందే," అన్నాడు.

ఇంజను విప్పాను. లోపల పాత నూనె బంకలా గడ్డకట్టింది. పెట్రోలుతో కడిగాను. మోటారుకి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోతే తీసేసి, మిక్సీ కార్బన్లు అరగదీసి వేశాను. పట్టాల తుప్పు గరుకు కాగితంతో తీశాను. ఇంట్లో ఒక గదిలో బల్ల మీద పట్టాలు పరిచి మీట తిప్పితే చక్కగా నడిచింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, రైలు నడుస్తుండగా బాపుని చక్రాల కుర్చీలో ఆ గదిలోకి తెచ్చాను. ఇంజను ఆగింది. టెస్టర్ పెడితే పట్టాల్లో కరెంటు ఉంది. కార్బన్లు బాగున్నాయి. బాపుని గడప బయటికి జరిపితే నడిచింది, లోపలికి తెస్తే ఆగింది. కుర్చీ బరువుకి బల్ల కదులుతోందేమోనని నా భార్యను అందులో కూర్చోబెట్టి చూశాను. నడిచింది. నాకు ఒళ్లు మండింది.

"మా అన్న ఇంక ఈడనే ఉన్నడు రా," అన్నాడు బాపు.

"ఉంటె ఉండనియ్యి. ఇల్లు మనది," అన్నాను.

మోటారు పని చేసేవాళ్లకు ఒక అలవాటుంది. బోరు మోటారు ఉల్టా తిరిగితే రెండు వైర్లు అటుదిటు మారుస్తాం. ఆ కోపంలో ఇక్కడా పట్టాలకు వెళ్లే వైర్లు అలాగే మార్చాను. బాపుని మళ్లీ లోపలికి తెచ్చి, ఆయన వేళ్లు మీట మీద పెట్టాను. ఆయన తిప్పాడు.

ఇంజను వెనక్కి కదిలింది. బాపు ఉన్న వైపుకి. మలుపులో పట్టాలు దాటి వచ్చి, మీట పట్టుకున్న వేళ్లనే కొట్టింది. రక్తం వచ్చింది. వెంటనే ప్లగ్ పీకేశాను. పక్కకి పడిన ఇంజను చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఊపు మీద కాసేపు తిరగొచ్చు, ఒప్పుకుంటాను. కానీ నా భార్య గుడ్డ తెచ్చి వేళ్లకు కట్టు కట్టేదాకా ఏ ఊపూ ఉండదు.

బాపు దాన్నే చూస్తున్నాడు. "నీదే అన్నా. నేను ముట్ట," అన్నాడు.

చక్రాలు ఆగిపోయాయి.

మోకిలలో ఇలాంటి పాత రైళ్లు దాచుకునే ఒకాయన ఉంటే ఫోన్ చేశాను. "వైర్లు మారిస్తే ఇది వెనక్కి నడవదండీ. ఇంజను మీద చిన్న పుల్ల ఉంటుంది, అది జరిపితేనే వెనక్కి నడుస్తుంది," అన్నాడు. వెళ్లి చూశాను. ఆ పుల్ల ముందుకే ఉంది.

మళ్లీ మొత్తం విప్పాను. ఏ లోపమూ దొరకలేదు. బాపు ఇప్పుడు ఆ గదిలోకి రాడు, కుర్చీ గడప దగ్గరే ఆపమంటాడు. చక్రాలు ఎందుకు తిరిగాయో నాకు తెలియదు. ముసలి తమ్ముడు ఒక్కసారి మీట తిప్పితే ఆ మనిషికి ఏం పోయేదో, అదీ తెలియదు.